నూట పదహారేళ్ళ చదివింపులు

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ సామెతలో ఎంత ప్రమాదం దాగుందో మొన్న సంక్రాంతికి మా అత్తగారింట్లో తెలిసొచ్చింది. మామూలు రోజుల్లో అయితే చెత్త సినిమా చూపించినవాడు ఏదో వంక పెట్టి బస్సెక్కి పారిపోవచ్చు. కనుమ నాడు ఆ దారీ లేదు. బాధితులందరి మధ్యా, మర్నాడు పొద్దున దాకా, అదే సోఫాలో కూర్చోవాలి.

మా అత్తగారి ఊరు పాలకొల్లు దగ్గర. ఆ ఇంటికి నేను పెద్దల్లుణ్ణి. చిన్నల్లుడు, అంటే మా తోడల్లుడు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. భోగి నాడు అతను టీవీలో ఒక తెలుగు సినిమా పెట్టాడు. అందులో హీరో వస్తున్న ట్రాక్టరును ఎడమచేత్తో ఆపాడు. కుడిచేతిలో టీ గ్లాసు ఉంది మరి. నేను కిసుక్కున నవ్వాను.

"ఏం అన్నయ్యగారూ, నచ్చలేదా?" అన్నాడు.

"అబ్బే, బాగానే ఉంది. బుర్ర ఇంటి దగ్గర పెట్టి వస్తే ఇంకా బాగుంటుంది" అన్నాను.

"అయితే కనుమ నాడు మీరు పెట్టండి. బుర్రలు పట్టుకొచ్చి కూర్చుంటాం."

నా నోరు అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "ఇన్ టైమ్ అని ఒక సినిమా ఉంది. 2011లో వచ్చింది. అలాంటి ఊహ మనవాళ్ళకు ఇంకో వందేళ్ళకు కూడా రాదు" అనేశాను. తీసినవాడు ఆండ్రూ నికోల్ అనీ, 1997లో గట్టకా తీసినవాడు, ట్రూమన్ షో కథ రాసినవాడు అనీ పూచీ కూడా చెప్పాను. ఒక్క విషయం మాత్రం చెప్పలేదు. ఆ సినిమాను నేను పూర్తిగా చూడలేదు. ఎప్పుడో ఒక రాత్రి మొదటి అరగంట చూశాను, కరెంటు పోయింది. ఆ అరగంటనే పట్టుకుని పదేళ్ళకు పైగా కనిపించిన ప్రతివాడికీ పొగుడుతూ వస్తున్నాను.

కనుమ మధ్యాహ్నం కోడికూర, మినప గారెలు అయ్యాక అందరూ హాల్లో చేరారు. మామగారు, అత్తగారు, మామగారి తల్లి బామ్మగారు, మా ఆవిడ, మరదలు, తోడల్లుడు, బావమరిది, అతని భార్య, నలుగురు పిల్లలు. నాతో కలిపి పదమూడు మంది. ఆ అంకె చూసైనా నేను జాగ్రత్త పడాల్సింది.

సినిమా ఇంగ్లీషు. కింద వచ్చే అక్షరాలు కూడా ఇంగ్లీషే, పైగా చీమ తలకాయంత. అందుకని పెద్దవాళ్ళకు తెలుగులో చెప్పే బాధ్యత నేనే తీసుకున్నాను.

"ఆ లోకంలో డబ్బు లేదు బామ్మగారూ. కాలమే డబ్బు. పాతికేళ్ళు రాగానే అందరికీ వయసు ఆగిపోతుంది. ముడతలు రావు, జుట్టు నెరవదు. కానీ ముంజేతి మీద పచ్చటి అంకెలు వెలుగుతాయి. ఖాతాలో ఒక ఏడాది ఉంటుంది, అది తిరగడం మొదలవుతుంది. జీతం ఇచ్చినా గంటల్లోనే, అరటిపండు కొన్నా నిమిషాల్లోనే. అంకెలన్నీ సున్నా అయితే మనిషి అక్కడికక్కడే పోతాడు."

బామ్మగారు కాసేపు ఆలోచించి, "పాతికేళ్ళకా? పాతికేళ్ళకు నాకు ముగ్గురు పిల్లలు, కడుపులో నాలుగోవాడు. అక్కడ ఆగిపోతే ఎలా నాయనా?" అన్నారు.

హాలంతా నవ్వింది. నాకు లోపల పండగ. ఒక్క వాక్యం చెబితేనే తొంభై ఏళ్ళ మనిషి కథలోకి దిగిపోయింది. ఊహ అంటే అలా ఉండాలి!

మొదటి పావుగంట మా ఇంట్లో ఎవరూ నోరు మూసుకోలేదు, అంత బాగా సాగింది. హీరో కాఫీ తాగబోతే నాలుగు నిమిషాలన్నారు. నిన్నటిదాకా మూడేనట. మా అత్తగారు వెంటనే, "ఆ పెంచింది పాలకా, నీళ్ళకా?" అని అడిగారు. తర్వాత ఒక అందమైన అమ్మాయి కనిపించింది. హీరో భార్య అని మరదలు, చెల్లెలని బావమరిది భార్య అనుకున్నారు. తల్లి అని చెప్పాను. ఆవిడకు ఆ రోజు యాభయ్యో పుట్టినరోజు. తోడల్లుడు ఫోన్ తీసి, ఆ నటి ఒలీవియా వైల్డ్ పుట్టింది 1984లో అనీ, కొడుకుగా వేసిన జస్టిన్ టింబర్‌లేక్ పుట్టింది 1981లో అనీ ప్రకటించాడు.

"తల్లికన్నా కొడుకు మూడేళ్ళు పెద్ద. మన సినిమాలో అయితే నవ్వేవారు కదా అన్నయ్యగారూ?"

"అక్కడ కారణం ఉందయ్యా" అన్నాను. నిజంగానే ఉంది. అది చెప్పేటప్పుడు నా గొంతులో పెద్దల్లుడి ఠీవి నాకే వినిపించింది.

ఇంతలో ఒక పెద్దాయన వచ్చాడు. పెద్దాయనంటే నూట అయిదేళ్ళవాడు, చూడ్డానికి మాత్రం పాతికేళ్ళే. బతికి బతికి విసిగిపోయాడు. హీరో నిద్రపోతుండగా చెయ్యి పట్టుకుని, తనకు అయిదు నిమిషాలు ఉంచుకుని, మిగతాదంతా అతనికి ఎక్కించేశాడు. ఎంతో తెలుసా? 116 ఏళ్ళు.

"నూట పదహార్లా!" అన్నారు మామగారు లేచి కూర్చుని. "పద్ధతి తెలిసినవాడు."

బావమరిది అందుకున్నాడు. "అయితే బావగారూ, అక్కడ పెద్దవాళ్ళ కాళ్ళకు దణ్ణం పెడితే నిండు నూరేళ్ళూ బతకమని ఊరికే అనడానికి లేదన్నమాట. అంటే ఇవ్వాల్సిందే."

"అందుకే అక్కడ ఎవరూ దీవించడం లేదు" అన్నారు మామగారు. దీవెనలు ఇన్‌కమ్ టాక్స్ కిందకు వస్తాయా అనే చర్చ కొంత నడిచింది. ఆ పెద్దాయన పోతూ పోతూ కిటికీ అద్దం మీద దుమ్ములో, నా కాలాన్ని వృథా చెయ్యకు అని రాసి పోయాడు. హీరో చదివాడు. మేమూ చదివాం. దర్శకుడు ఆ రోజు సెలవు పెట్టినట్టున్నాడు.

కానీ అది తర్వాత సంగతి. ముందు ఆ బస్సు ఉంది.

తల్లి పని నుంచి ఇంటికి రావాలి. అప్పు కట్టేసింది, చేతి మీద గంటన్నర మిగిలింది. బస్సు ఛార్జీ ఒక గంట, సరిపోతుంది. ఎక్కితే, ఇవాళ్టి నుంచి రెండు గంటలన్నాడు డ్రైవరు. నడిచి వెళ్తే రెండు గంటల దూరం. ఇక పరుగెత్తమన్నాడు. ఆవిడ పరుగెత్తింది. అవతల నుంచి కొడుకూ పరుగెత్తాడు. ఇద్దరూ ఒకరి చేతుల్లో ఒకరు పడేసరికి అంకెలన్నీ సున్నాలయ్యాయి. ఒక్క సెకను తేడా.

హాల్లో చప్పుడు లేదు. పిల్లలు కూడా జంతికలు నమలడం ఆపేశారు. బామ్మగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, గోడవైపు తిరిగి పడుకున్నారు.

కాసేపటికి మా ఆవిడ నెమ్మదిగా అంది. "మన దగ్గరైతే ఆధార్ కార్డు చూపించి ఎక్కేసేది పాపం."

ఎవరూ నవ్వలేదు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. జీరో టికెట్ చింపిచ్చే కండక్టరు ఒక ప్రాణం కాపాడగలడని మా ఇంట్లో ఎవరికీ అంతకుముందు తోచలేదు. అలాంటి ఆలోచన ఇంకో దేశం సినిమా చూస్తే వచ్చింది. నేను తోడల్లుడి వైపు చూశాను. అతను తల దించుకున్నాడు. పదేళ్ళ క్రితం మా ఇంట్లో కరెంటు పోయింది ఇంచుమించు ఈ క్షణంలోనే. మళ్ళీ ఇప్పుడు పోయి ఉంటే బాగుండేది. విద్యుత్ శాఖవారు పండక్కి కరెంటు కట్ చెయ్యరు, అదొక దరిద్రం.

ఇక్కడి నుంచి నేనూ మొదటిసారే చూస్తున్నానని ఎవరికీ తెలియదు.

హీరో డబ్బున్నవాళ్ళ పేటకు వెళ్ళాడు. కారు 59 ఏళ్ళు, పన్ను అదనం. మామగారు ముందుకు జరిగారు. ఎందుకంటే అక్కడి పెద్దమనిషి వృత్తి కాలం అప్పివ్వడం. మామగారు నలభై ఏళ్ళు వడ్డీ వ్యాపారం చేసి పిల్లల్ని చదివించిన మనిషి. ఆ రంగంలో ఆయన ముందు ఎవరూ నిలవలేరు.

"నూటికి ఎంత తీసుకుంటాడు?"

"చూద్దాం మావయ్యగారూ, చెప్తాడు."

"హామీ ఏమిటి? బాకీదారు గడువు మీరితే పోతాడు కదా. పోయినవాడి దగ్గర వసూలు ఎలా? మన దగ్గర పొలం ఉంటుంది, కొడుకులుంటారు. నా అనుభవంలో అప్పిచ్చినవాడంత గట్టిగా బాకీదారు నూరేళ్ళు బతకాలని దేవుణ్ణి కోరుకునేవాడు ఇంకోడుండడు. వీడేమిటి, చంపుకుంటున్నాడు?"

ఎంత మంచి ప్రశ్న! సినిమా ఇప్పుడు దీనికి జవాబు చెబుతుందని నేనూ చెవులు రిక్కించాను. సినిమా జవాబు చెప్పలేదు. పేకాట ఆడింది. హీరో పేకాటలో 1100 ఏళ్ళు గెలిచాడు. మామగారు వెనక్కి జరిగారు.

ఆ పెద్దమనిషి ముగ్గురు ఆడవాళ్ళను పరిచయం చేశాడు. ఒకరు అత్త, ఒకరు భార్య, ఒకరు కూతురు. ముగ్గురికీ పాతికేళ్ళే. మా ఇంట్లో ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా మాట్లాడారు. పెళ్ళిచూపులకు వెళ్తే పిల్ల ఎవరో ఎలా తెలుస్తుంది? బామ్మ, మనవరాలు ఒకే చీర కోసం కొట్టుకోరా? కోడలు అత్తలా కనిపించే ఇంట్లో అత్తరికం ఏ మొహం పెట్టుకుని చెలాయించాలి? బావమరిది భార్య అయితే, పాణిగ్రహణం వేళ పెళ్ళికొడుకు చెయ్యి ఏ వైపు తిప్పి పట్టుకుంటాడో ముందే కాగితం మీద రాయించుకోవాలంది. ఎందుకంటే ఆ లోకంలో చెయ్యి పట్టుకుని తిప్పే తీరును బట్టే కాలం ఇటు నుంచి అటో, అటు నుంచి ఇటో పోతుంది. అయిదు నిమిషాల్లో అయిదు సినిమాలకు సరిపడా కథ మా హాల్లో తయారైంది. తెర మీద అప్పటికే ఆ ముగ్గుర్నీ వదిలేసి ముందుకు పోయారు.

పోయిందెక్కడికయ్యా అంటే, సముద్రంలోకి. హీరో, ఆ కూతురు రాత్రిపూట ఈతకు దిగారు. దిగే తీరు కుటుంబ సమేతంగా చూసేది కాదు. మామగారు దగ్గారు. అత్తగారికి అకస్మాత్తుగా పాలు పొంగుతున్న వాసన వచ్చింది. నేను రిమోట్ కోసం వెతికాను, దొరకలేదు. రిమోట్ తోడల్లుడి కొడుకు కింద ఉంది, వాడు కదలడు. చివరికి లాక్కుని, కంగారులో పది నిమిషాలు ముందుకు తోసేశాను.

విచిత్రం ఏమిటంటే, ఆ పది నిమిషాలు పోయినందుకు ఎవరికీ ఏమీ తేడా తెలియలేదు. ఎక్కడ వదిలామో, అక్కడే ఉన్నట్టుంది కథ. ఇద్దరూ పరుగెడుతున్నారు. ఆ అమ్మాయి ఎత్తు మడమల చెప్పులతో పరుగెడుతోంది. అలా మొదలుపెట్టిన పరుగు ఇక ఆగలేదు. కాలం డబ్బైన లోకంలో నడిచేవాడు డబ్బున్నవాడు, పరుగెత్తేవాడు బీదవాడు అని మొదట్లో చూపించినప్పుడు ముచ్చటేసింది. తర్వాత అందరూ పరుగెత్తారు, ఎందుకో వాళ్ళకే తెలియదు. ఆరంభశూరత్వం మన ఆంధ్రుల సొత్తని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. న్యూజిలాండ్‌లో పుట్టిన ఈ దర్శకుడికి కూడా అందులో వాటా ఉందన్నమాట.

పరువు పోతోందని అర్థమైంది. అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను. అనువాదంలో కాస్త చేతివాటం చూపించాను.

"ఇప్పుడు వాళ్ళు ఈ అంకెల్ని మొదట ఎవరు కనిపెట్టారో ఆ శాస్త్రవేత్తను వెతుక్కుంటూ వెళ్తున్నారు మావయ్యగారూ."

"అలాగా!" అని మామగారు మళ్ళీ లేచి కూర్చున్నారు.

"ఆయన ఒక్కడే ముసలివాడయ్యాడట. తన మీద ఆ మందు ప్రయోగించుకోలేదు. ఆ లోకంలో తెల్లజుట్టున్న ఒకే ఒక్క మనిషి."

నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. ఎంత బాగుంది! ఇంకో రెండు వాక్యాలు అల్లేలోగా బావమరిది కూతురు, తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం, తల తిప్పింది.

"మావయ్యా, అలా ఏం రాలేదు. వాళ్ళు బ్యాంకు దోచుకుంటున్నారు."

హాల్లో ఇంకో రకం నిశ్శబ్దం. తోడల్లుడు తల ఎత్తాడు.

నిజమే, దోచుకుంటున్నారు. కాలమే డబ్బైన లోకాన్ని ఇంత కష్టపడి కట్టి, చివరికి అందులో బ్యాంకు దొంగతనాలు పెట్టారు. దానికి మామూలు డబ్బు చాలదూ? పైగా ఆ బ్యాంకుల భద్రత! ఇక్కడ రెండు వందల రూపాయలు పంపాలంటే పిన్ కొట్టాలి, ఫోన్ మారిస్తే ఓటీపీ రావాలి. అక్కడ నూరేళ్ళ ఆస్తి చొక్కా చేతి కింద వేసుకుని తిరుగుతారు, ఎవడైనా వచ్చి ముంజెయ్యి పట్టుకుంటే చాలు, గోవిందా. కొట్టుకెళ్ళినవాణ్ణి వెతకడం కన్నా నైలాన్ చేతితొడుగు కనిపెట్టడం తేలిక కదా అంది మరదలు. ఆ అప్పులిచ్చే పెద్దమనిషి ఇనప్పెట్టెలో పది లక్షల ఏళ్ళు దాచాడు. దాని తాళం సంఖ్య చార్లెస్ డార్విన్ పుట్టినతేదీ. పన్నెండు, రెండు, 1809.

"పుట్టినతేదీ పెట్టుకోవద్దని బ్యాంకువాళ్ళు వారానికోసారి మెసేజ్ పంపిస్తారు కదా" అన్నారు అత్తగారు. ఆవిడ ఏటీఎం నంబరు బావమరిది పుట్టినరోజే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనలేదు.

నాకు అన్నిటికన్నా కడుపు మండింది మాత్రం ఆ పోలీసు దగ్గర. వేసింది కిలియన్ మర్ఫీ, 2024లో ఆస్కార్ తెచ్చుకున్న నటుడు. సినిమా అంతా వాళ్ళను వెంటాడి వెంటాడి, తీరా పట్టుకున్నాక టపీమని పడి పోయాడు. ఎందుకంటే ఆ రోజు బత్తా, అంటే ఆ పూట బతకడానికి ఇచ్చే కాలం, తీసుకోవడం మరిచిపోయాడట! నేను ఇరవై ఏడేళ్ళుగా సర్కారు లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. ఆఫీసుకు రావడం మరిచిపోయినవాణ్ణి చూశాను. రిటైరయ్యానని మరిచిపోయి వచ్చినవాణ్ణి చూశాను. బత్తా మరిచిపోయినవాణ్ణి చూడలేదు. సైన్స్ ఫిక్షన్‌లో చేతి మీద గడియారం మొలిచిందంటే నమ్మాను, దీన్ని నమ్మలేకపోయాను.

చివర్లో మళ్ళీ హీరో, హీరోయిన్ ఎదురెదురుగా పరుగెత్తుకొచ్చి, సెకన్లు మిగిలి ఉండగా చెయ్యి పట్టుకుని బతికారు. తర్వాత ఇంకో పెద్ద బ్యాంకు మీదకు బయల్దేరారు. అయిపోయింది.

పేర్లు పడుతుంటే బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"ఫోటోగ్రఫీ బాగుంది బావగారూ."

మన దేశంలో సినిమాకు ఉరిశిక్ష ఈ మాటతోనే వేస్తారు. నేను మాత్రం గడ్డిపోచ దొరికినట్టు పట్టుకున్నాను. "మరి! కెమెరామన్ రోజర్ డీకిన్స్ అంటే మాటలా! ఆయన డిజిటల్ కెమెరాతో తీసిన మొదటి సినిమా ఇదే తెలుసా?"

"అందుకే అన్నయ్యగారూ, పరుగు అంత శుభ్రంగా కనిపించింది" అన్నాడు తోడల్లుడు.

మామగారు మనవడి నోటు పుస్తకం, పెన్ను తెప్పించారు. "పూచీదారు మంచివాడే అల్లుడుగారూ. పాత బాకీలు రెండూ వడ్డీతో సహా తీర్చినవాడినే చూపించారు. ఈ బాకీ మాత్రం ఎగ్గొట్టాడు. అలాంటప్పుడు పూచీ పడినవాళ్ళ మీదకే వస్తుంది." సినిమా 109 నిమిషాలు. ముందుకు తోసిన పది నిమిషాలు తీసెయ్యమన్నాను, కుదరదన్నారు, అది నా తప్పిదమట. నేను కాక పన్నెండు మంది. మొత్తం 1308 నిమిషాలు. కాఫీ నాలుగు నిమిషాల చొప్పున 327 కాఫీలు. నూటికి రెండు వడ్డీ పండగ సందర్భంగా మాఫీ.

ఆ సాయంత్రం వాయిదాల పద్ధతిలో చెల్లింపు మొదలుపెట్టాను. అల్లుడు వంటింట్లోకి రావడమేమిటని అత్తగారు మొదట మొహమాటపడ్డారు. రెండో విడతకు పంచదార తక్కువైందన్నారు. తోడల్లుడు సోఫాలో కాళ్ళు చాపుకుని, ఎడమచేత్తో ట్రాక్టరు ఆపే సినిమా రెండో భాగం పెట్టాడు. దాని నిడివి రెండు గంటల నలభై నిమిషాలు. దాని లెక్క మామగారు కట్టలేదు.

రాత్రి బామ్మగారికి పాలు తీసుకెళ్ళాను.

"మంచి సినిమా చూపించావు నాయనా" అన్నారు.

నేను వెనక్కి తిరిగి చూశాను, నన్నేనా అని.

"ఆ తల్లి పోవడం దాకా చూశాను. తర్వాత కళ్ళు మూతలు పడ్డాయి. ఏమైంది ఆ కుర్రాడు?"

తలుపు దగ్గరగా వేసి, మంచం పక్కన కూర్చుని చెప్పాను. తెల్లజుట్టు శాస్త్రవేత్తను వెతుక్కుంటూ కుర్రాడు వెళ్ళడం, అతను ఈ అంకెల్ని మొదట తన కూతురి జబ్బు నయం చెయ్యడానికి కనిపెట్టానని చెప్పడం, అప్పులవాళ్ళు దాన్ని లాక్కోవడం, ఊళ్ళో అందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా నిలబడితే కాలం ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి నీళ్ళలా పారడం. ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. బామ్మగారు ఊఁ కొడుతూ విన్నారు. చివరిదాకా మెలకువగానే ఉన్నారు, అది గమనించాను.

"బాగుంది" అన్నారు పాలగ్లాసు కింద పెట్టి. "అది సరే గానీ, ఆ బస్సు వాణ్ణి ఏం చేశారు?"

నిజమే. వాడి సంగతి సినిమాలో ఎవరూ ఎత్తలేదు. నా కథలో నేనూ ఎత్తలేదు.

"ఉద్యోగంలోంచి తీసేశారు బామ్మగారూ."

"మంచి పని చేశారు" అని బామ్మగారు అటు తిరిగి పడుకున్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి గోడకు అంటించిన నోటు పుస్తకం కాగితం చూశాను. బామ్మగారు నిద్రపోయిన ఎనభై నాలుగు నిమిషాలకు ఇరవై ఒక్క కాఫీలు కొట్టేసి, పాలు పొయ్యి మీద పెట్టాను.